సింకులో సుడి ఎటు తిరగాలో భూమి నిర్ణయిస్తుందా?

భూభ్రమణం కారణంగా ఉత్తరార్ధగోళంలో సింకు నీరు అపసవ్యదిశలోనూ, ఆస్ట్రేలియా వంటి చోట్ల సవ్యదిశలోనూ సుడి తిరుగుతుందంటారు, అది నిజమేనా అని మీరు అడిగారు. ఇళ్లలో వాడే సింకులు, వాష్ బేసిన్ల విషయంలో అది నిజం కాదు. చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో ఒక వేసవిలో వారం రోజులు నీళ్లు పారబోసి మరీ ఈ సంగతి తేల్చుకున్నాము. (ఆ నీళ్లన్నీ మొక్కలకే పోశాము, ఈ ఊరిలో ట్యాంకరు కోసం ఎదురుచూసినవారు కంగారుపడనక్కరలేదు.)

సెలవులకు నెల్లూరు నుంచి వచ్చిన మా అక్క కూతురు, "మామా, మా ఇంట్లో బేసిన్ నీళ్లు ఇటు తిరుగుతాయి, మీ ఇంట్లో అటు తిరుగుతున్నాయే?" అని అడగడంతో ఇదంతా మొదలైంది. రెండు ఊళ్లూ భూమధ్యరేఖకు ఉత్తరానే ఉన్నాయి కాబట్టి నా దృష్టిలో వాదం అక్కడితో ముగిసినట్టే. ఆ పిల్ల ఒప్పుకోలేదు.

రెండడుగుల ప్లాస్టిక్ టబ్బుకు అడుగున నడిమధ్య చిన్న రంధ్రం చేసి, కింది నుంచి బిరడా బిగించి, రెండు స్టూళ్ల మీద నిలిపి నీరు నింపాము. చేత్తో ప్రదక్షిణ దిశలో కలిపి, పావుగంట ఆగి, మిరియాల పొడి చల్లి బిరడా లాగితే సుడి ప్రదక్షిణంగానే తిరిగింది. అప్రదక్షిణంగా కలిపితే అదీ అలాగే తిరిగింది. అసలు కలపకుండా చూసినప్పుడు మాత్రం బకెట్‌ను ఏ పక్క నుంచి వంచామన్నదే సుడి దిశను చాలాసార్లు నిర్ణయించింది. పైకి నిలకడగా కనిపించే నీరు తనను ఎవరు ఎలా కదిపారో అంత త్వరగా మరిచిపోదు.

ఎందుకు మరిచిపోదో లెక్క వేస్తే తెలుస్తుంది. భూమి సుమారు 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది గాని, టబ్బు అడుగుకు అందే భ్రమణం అక్షాంశాన్ని బట్టి మారుతుంది: ధ్రువాల వద్ద పూర్తిగా, భూమధ్యరేఖ వద్ద సున్నా. 13 డిగ్రీల అక్షాంశం మీదున్న చెన్నైలో ఆ ఒక్క చుట్టుకు దాదాపు 106 గంటలు, అంటే నాలుగు రోజుల పైచిలుకు పడుతుంది. అదే టబ్బులో, మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరాన, నీరు సెకనుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున జరుగుతున్నా 21 నిమిషాలలో చుట్టు పూర్తవుతుంది. కంటికి సరిగా ఆనని ఆ కదలికే భూమి ఇచ్చేదానికన్నా 300 రెట్లు ఎక్కువ. ఒప్పులకుప్ప ఆడే పిల్లలు ఒకరికొకరు దగ్గరగా జరిగితే వేగం పెరిగినట్టు, నీరు రంధ్రం వైపు జరిగేకొద్దీ ఆ మిగులు కదలికే పెరిగి సుడి అవుతుంది.

భూభ్రమణం చేయి ఆడాలంటే వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి గాలి కదలాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై మీదుగా దాటినప్పుడు ముందు ఉత్తరపు గాలి విరుచుకుపడి, కాసేపు అంతా సద్దుమణిగి, ఆ తర్వాత దక్షిణం నుంచి కొట్టడం మాలో చాలామందికి గుర్తే. తుఫాను అపసవ్యదిశలో తిరుగుతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

చిన్న పాత్రలో భూమి ప్రభావం అసలే లేదని కాదు. 1962లో అమెరికాలోని ఎంఐటీలో అషర్ షపీరో ఆరడుగుల వెడల్పు, ఆరంగుళాల లోతు నీరున్న తొట్టిని కావాలనే సవ్యదిశలో నింపి, మూతవేసి, 24 గంటలు కదపకుండా ఉంచి, సన్నని రంధ్రం గుండా నెమ్మదిగా ఖాళీ చేయించినప్పుడు అపసవ్య సుడి కనిపించింది. ఒకటి రెండు గంటలే ఆగితే మాత్రం నింపిన దిశే నెగ్గింది. 1965లో సిడ్నీలో ఇలాగే చేసినవారికి సవ్యదిశ కనిపించింది. అయితే చెన్నైలో ఆ ప్రభావం షపీరో ఉన్న చోటితో పోలిస్తే మూడో వంతే.

అయినా చూద్దామని చివరి రోజు రాత్రి టబ్బు నింపి, పలక కప్పి, ఫ్యాను ఆపి, గది తలుపు వేశాము. తెల్లవారి చూస్తే పలక పక్కకు జరిగి ఉంది. మా అమ్మ అందులో చెంబు ముంచి తులసికోటకు నీళ్లు పోసి వచ్చింది.