పన్నెండేళ్ల తర్వాత మళ్లీ లెక్కల్లోకి

బీకాం చదివి మూడేళ్లు ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేశారు, పిల్లల కోసం మానేసి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు ఏ రంగం వైపు వెళ్లాలో తెలియడం లేదు, అందరూ డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నారు. ఇదీ మీ ప్రశ్న.

చేరవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. విరామం తర్వాత పనిలోకి రావాలనుకునే ఆడవాళ్లకు ఊరంతా కొత్త దారులే చూపిస్తుంది. ఒకరు కోడింగ్ అంటారు, ఒకరు పచ్చళ్ల వ్యాపారం అంటారు, ఇంకొకరు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోమంటారు. ఆ మూడేళ్లలో మీరు ఏ పని చేశారని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు తెలిసి మళ్లీ నిలదొక్కుకున్న ఆడవాళ్లందరూ తమ పాత పని గడపలోంచే లోపలికి వచ్చారు.

నేను 2004లో విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర చేరాను. 2005 ఏప్రిల్ 1న పాత అమ్మకం పన్ను పోయి వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) వచ్చింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న గుమాస్తా గారు, అప్పుడప్పుడే పని నేర్చుకుంటున్న నేను ఒకే బల్ల దగ్గర కూర్చుని వ్యాట్ 200 ఫారం, అంటే పన్ను శాఖకు నెల నెలా ఇచ్చే లెక్క (రిటర్ను), నింపడం నేర్చుకున్నాం. పన్ను మారినరోజు అందరూ కొత్తవాళ్లేనని అప్పుడు అర్థమైంది. 2010లో రెండో కాన్పుకు మానేశాను. ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది. చూస్తుండగానే పన్నెండేళ్లు. ఈలోగా రాష్ట్రం రెండయింది, 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నాకు తెలిసిన రూపమే మారిపోయింది.

2022లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్తే, నా కాగితాలు తిరగేసిన ఆయన "ఇన్నేళ్లూ ఏం చేశారు?" అని అడిగారు. తప్పు చేసినదానిలా "ఇంట్లోనే ఉన్నానండీ" అన్నాను. నాలుగేళ్లు మంచంలో ఉన్న మనిషికి వేళకు మందులు వేసి, ఒంటికి పుండ్లు పడకుండా చూసుకుని, ఆసుపత్రి బిల్లులు పైసాతో సహా రాసిపెట్టాను. ఆ మాట ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ బాధ. మీరు మాత్రం అలా తలవంచుకోవద్దు.

ఆ అక్టోబరులో స్నానాలగది మరమ్మతు పెట్టుకుని, కుళాయిల కోసం మాకు తెలిసిన కొట్టుకు వెళ్లాం. కొట్టాయన తల పట్టుకుని కూర్చున్నారు. కొన్న సరుకు మీద కట్టిన పన్నులో దాదాపు లక్షా ఎనభై వేలకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) చెల్లదని నోటీసు వచ్చిందట. బిల్లులన్నీ ఉన్నాయి, డబ్బూ కట్టారు. లెక్కలు రాసే కుర్రాడు కంప్యూటర్‌లో ఎన్నిసార్లు చూసినా తేడా ఎక్కడుందో తేలలేదు. "ఒకసారి ఆ బిల్లులు చూడవచ్చా బాబాయి గారూ?" అని అడిగాను. మావారు నా వంక ఆశ్చర్యంగా చూశారు.

మూడు మధ్యాహ్నాలు కొట్టు వెనక గదిలో, పైపుల కట్టల మధ్య కూర్చున్నాను. కుర్రాడి చేత జీఎస్టీ పోర్టల్‌లోని 2బి పట్టిక (సరుకు అమ్మినవాళ్లు మన నంబరు మీద చూపించిన బిల్లుల జాబితా) అచ్చు తీయించి, ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో బిల్లుకూ టిక్కు పెట్టుకుంటూ పోయాను. జీఎస్టీ సంగతి నాకు అప్పటికి పెద్దగా తెలియదు. కానీ బిల్లు ఒక చేత్తో, పట్టిక ఒక చేత్తో పట్టుకుని సరిచూడటం వ్యాట్ రోజుల్లో వేలసార్లు చేసిన పనే. మూడోరోజుకు ఏడు బిల్లులు మిగిలాయి. అన్నీ ఒకే చెన్నై సరఫరాదారువి, జనవరి, మార్చి నెలల మధ్యవి. వాటిని మిగతా బిల్లుల పక్కన పెట్టి, వాటి మీద ఉన్న బాబాయి గారి జీఎస్టీ నంబరు చదివాను. మా రోజుల్లో వ్యాట్ నంబరు (టిన్) 11 అంకెలు, ముందు 28 ఉండేది. ఇప్పుడు 15 అక్షరాలు, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి పది పాన్. ఈ ఏడింటి మీద ఆంధ్రప్రదేశ్‌ది 37 ఉండాల్సిన చోట తెలంగాణది 36 ఉంది. బాబాయి గారికి ఖమ్మంలో ఇంకో కొట్టుంది. పాన్ ఒకటే కనుక రెండు నంబర్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. సరుకు విజయవాడలో దిగింది, క్రెడిట్ తెలంగాణ నంబరులో కూర్చుంది.

ముందటి ఆర్థిక సంవత్సరం బిల్లులు సరిదిద్దుకోవడానికి నవంబరు 30 గడువు. అక్కడి నుంచే చెన్నైకి ఫోను చేయించాం, వాళ్లు తమ రిటర్నులో సరిచేశారు. ఆ సాయంత్రం బాబాయి గారు "నెల నెలా వచ్చి చూస్తావా అమ్మా, జీతం మాట్లాడుకుందాం" అన్నారు. నాకు దారి దొరికింది అలా. ఇప్పుడు ఏడు కొట్లకు రిటర్నులు నేనే చూస్తున్నాను. 11వ తేదీన అమ్మకాలది, 20న పన్ను కట్టేది. నెలలో ఆ పదిరోజులూ ఇంట్లో వంట మావారిదే. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పను, చాలా వాదించాల్సివచ్చింది. ఇంట్లో పనుల పంపకం తేలకుండా ఉద్యోగం వెతుక్కోవద్దని మీకూ చెబుతున్నాను.

కోర్సులవాళ్ల మీద నాకు కోపం ఉంది. నా స్నేహితురాలు నలభై వేలు పోసి ఏదో అనలిటిక్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాన్ని చూసి ఎవరూ పని ఇవ్వలేదు. ఆమె పెళ్లికి ముందు ఐదేళ్లు జీతాల విభాగంలో పనిచేసింది. ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ లెక్కలు కళ్లు మూసుకుని చెప్పగలదు. అటువైపు ప్రయత్నించమని నేను పోరితే, మూడు నెలల్లో ఒక చిన్న పరిశ్రమలో కుదిరింది.

మీ ప్రశ్నలో ఒక్క సంగతి లేదు. ఆ మూడేళ్లలో రోజూ మీ బల్ల మీదికి ఏ కాగితాలు వచ్చేవి? బ్యాంకు ఖాతాలు సరిచూసేవారా, జీతాల పట్టీలు రాసేవారా, కొనుగోలు బిల్లులు ఎక్కించేవారా? అది ఇక్కడే రాయండి, ఏ గుమ్మం తట్టాలో నాకు తెలిసినంతలో చెబుతాను.