పుల్లర్ పేరు మారినా ట్రైలర్‌కు ఫిట్‌నెస్ ఇవ్వకపోతే

మీ ట్రైలర్‌కు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎందుకు ఇవ్వడం లేదని అడిగారు. దాని ఆర్‌సీలో ఇంకా తమిళనాడులోని పాత యజమాని పేరే ఉండి ఉంటుంది. చీమకుర్తి రాళ్లను కృష్ణపట్నం రేవుకు తోలడానికి పుల్లర్‌ను (ముందుండి లాగే ఇంజను బండిని), ట్రైలర్‌ను (వెనుక సరుకు మోసే బండిని) కలిపి కొని, పుల్లర్‌ను మాత్రమే మీ పేరున మార్పించుకున్నానని రాశారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ట్రైలర్‌ను కూడా విడిగా రిజిస్టర్ చేయవలసిన వాహనంగానే చూస్తుంది.

1. పాత ఆర్‌టీఓ కార్యాలయం నుంచి ట్రైలర్‌కు వేరుగా ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెప్పించుకోండి. పుల్లర్‌ది దీనికి చెల్లదు.

2. ఆంధ్రప్రదేశ్ నంబరు కోసం ఫారం 27, పేరు మార్పు కోసం 29, 30 దాఖలు చేయండి. వెళ్లేముందే చట్రం మీది చాసిస్ నంబరును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూసుకోండి; తుప్పు పట్టి ఒక్క అంకె కనబడకపోయినా పని ఆగుతుంది.

3. ఎక్కువ మంది మరిచిపోయేది నంబరు రాయించడం. ట్రైలర్ సొంత నంబరు దాని పక్క భాగాన ఉండాలి. వెనుక మాత్రం దాన్ని లాగుతున్న పుల్లర్ నంబరు కనబడాలి. పుల్లర్‌కు కొత్త నంబరు వచ్చినా వెనుక పాత తమిళనాడు నంబరే మిగిలిపోయిన బళ్లు మన హైవే మీద చాలానే తిరుగుతున్నాయి. రేపు వేరే పుల్లర్ తగిలిస్తే వెనుక నంబరు కూడా మార్చవలసిందే.