క్యాప్ వేశాక నమిలితే నొప్పి: డాక్టర్‌పై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: రూట్ కెనాల్ లేకుండానే దవడ పన్నుకు జిర్కోనియా క్యాప్ వేశారు. ఆరు వారాలైనా నమిలితే ప్రాణం పోతోంది. రెండుసార్లు వెళ్తే ‘అలవాటవుతుంది’ అని పంపేశారు. ఇప్పుడేమో రూట్ కెనాల్ చేయాలట, దానికి వేరే ఫీజట. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. ఫీజు తీసుకుని చేసే వైద్యం ‘సేవ’ కిందికే వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందా అంతే. అయితే కేసు వేయడం వేరు, నెగ్గడం వేరు.

నొప్పి వచ్చింది కాబట్టి నిర్లక్ష్యం ఉన్నట్టే అంటే కమిషన్ ఒప్పుకోదు. క్యాప్ పట్టాలంటే పన్నును పైనా చుట్టూ అరగదీయాలి. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి లోపలి నరం వాచి, ఆ తర్వాత రూట్ కెనాల్ తప్పదు. అందుకే ‘రూట్ కెనాల్ అవసరమైంది’ అన్న ఒక్క కారణంతో కేసు నిలవదు. సాధారణ నైపుణ్యమున్న డాక్టర్ చేయాల్సింది మీ డాక్టర్ చేశారా లేదా అన్నదే కొలత. 2005 జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పిందీ అదే.

మీకు బలం ఉన్నది ఆ ‘అలవాటవుతుంది’ దగ్గరే. కొత్త క్యాప్ నమిలేటప్పుడు నొప్పి పెడితే మొదట అనుమానించాల్సింది ఎత్తు. క్యాప్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా నమిలే బరువంతా ఆ పన్నుమీదే పడుతుంది. రంగు కాగితం కొరికించి, మచ్చ గాఢంగా పడిన చోట కాస్త అరగదీస్తే సరి, నిమిషాల పని. అప్పటికీ తగ్గకపోతే ఎక్స్‌రే తీయాలి, పన్ను తట్టి చూడాలి, చల్లదనం తగిలించి ఎంతసేపు లాగుతోందో గమనించాలి. మీరు వెళ్లిన రెండుసార్లూ ఇవేవీ చేయలేదనీ, కేస్ షీట్లో రాయలేదనీ తేలితే అది సేవాలోపమని గట్టిగా వాదించవచ్చు. రూట్ కెనాల్ అవసరం రావచ్చని ముందే చెప్పారా అన్నది రెండో ప్రశ్న. సమ్మతికి ముందు తగినంత సమాచారం ఇవ్వాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఏం జరిగినా మా బాధ్యత లేదు’ అన్న కాగితంపై సంతకం పెట్టారనుకోండి, అది నిర్లక్ష్యాన్ని కప్పదు. క్యాప్‌కు వారంటీ కార్డు ఇచ్చినా అది సాధారణంగా విరగడం, పగలడం వరకే. నొప్పికి దాన్ని పట్టుకుని వాదించకండి.

చాలామంది కేసు పోగొట్టుకునేది ఇక్కడే: కోపంతో వేరే డాక్టర్ దగ్గరికెళ్లి క్యాప్ తీయించేస్తారు. అతికించిన క్యాప్‌ను చాలాసార్లు కోసి తీయాల్సి వస్తుంది. ఎత్తుగా ఉందన్న రుజువు దాంతోపాటే పోతుంది. ముట్టుకోకముందే రెండో డాక్టర్ చేత రంగు మచ్చల ఫొటో, తేదీ ఉన్న ఎక్స్‌రే, పరీక్షల ఫలితం, రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో వి.కిషన్‌రావు తీర్పు అన్నా, పన్ను కేసులో అది లేకుండా దిగవద్దనే నా సలహా. వాపు, జ్వరం, రాత్రి నిద్ర పట్టనివ్వని పోటు ఉంటే మాత్రం ఆగకండి. ఫొటో, ఎక్స్‌రే తీయించి వెంటనే వైద్యం చేయించుకోండి.

మొదటి డాక్టర్‌కు ఉత్తరం రాసి క్యాప్‌కు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు, కేస్ షీట్, సమ్మతి పత్రం, ల్యాబ్ స్లిప్ అడగండి. రూట్ కెనాల్ అక్కడే చేయించుకుంటే, అభ్యంతరంతోనే ఫీజు కడుతున్నట్టు రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు లేదు. క్యాప్ ఖర్చు, మళ్లీ చేయించుకునే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కోరండి. భారీ మొత్తం రాస్తే మీ వాదన బలమే తగ్గుతుంది. క్రిమినల్ కేసు ఆలోచన మానేయండి. దానికి ఘోర నిర్లక్ష్యం చూపించాలి, ఇక్కడ అది లేదు. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు విడిగా ఫిర్యాదు చేయవచ్చు కానీ అక్కడ డబ్బు రాదు, డాక్టర్‌పై చర్య వరకే.