ముందు గాజులు విడిపించు

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళు ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ అనే పేకాట ఆడాను, ఒకేసారి నాలుగు టేబుళ్ళ మీద. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చి సైట్లు ఆటలు ఆపేశాక గోవా కాసినోల్లో ఆడదామనుకుంటున్నాను. మా మేనమామ పాతికేళ్ళుగా క్లబ్బుల్లో, గోవాలో ఆడుతున్న మనిషి. "స్క్రీన్ చూసి ఆడినవాడికి మనిషి మొహం చదవడం ఏం తెలుసు?" అని పెళ్ళిలో అందరి ముందూ ఎగతాళి చేశాడు. లెక్క తెలిసిన మా తరం ముందు పాతవాళ్ళు నిలవరని నా నమ్మకం. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి ఇచ్చిన మూడు లక్షలతో మొదలుపెట్టాను. నష్టాల్లో లేను. వడ్డీ అమ్మే సర్దుతోంది. నాన్నకు తెలియదు, అది పెద్ద విషయం కాదులెండి. మావయ్య నోరు ఎలా మూయించాలి? అసలు ఆట ఎవరిది?

జవాబు: నీ ప్రశ్న సంగతి త్వరగా తేల్చేస్తాను. కుర్రాళ్ళు గెలుస్తారు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ పోటీలో సీటు సంపాదించుకుని లాస్ వేగాస్ వెళ్ళి, పోకర్ ప్రపంచ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌లో అసలు టైటిల్ ఆట, అంటే మెయిన్ ఈవెంట్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. 2009లో జో కాడా 21 ఏళ్ళకే గెలిచాడు. పెద్దవాళ్ళూ గెలుస్తారు. 1989లో 24 ఏళ్ళకు ఛాంపియనైన ఫిల్ హెల్‌ముత్ 2023లో, అరవైకి దగ్గరపడ్డాక, ఆ సిరీస్‌లో ఒక్కో పోటీ విజేతకు ఇచ్చే బ్రేస్‌లెట్‌ను పదిహేడోసారి అందుకున్నాడు. కాసినో టేబుల్ మీద గంటకు పాతికో ముప్పయ్యో హ్యాండ్లు, అంటే పంపకాలు, నడుస్తాయి. నీ నాలుగు టేబుళ్ళ మీద గంటలో రెండు వందలు దాటి ఉంటాయి, కాబట్టి లెక్క నీకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. గంటల తరబడి ముక్కలు పారేస్తూ చిరాకుపడకుండా కూర్చోవడం మీ మావయ్యకు తెలిసి ఉంటుంది. ఎదుటివాడి ఆట తీరును అంకెల్లో చూపించే సాఫ్ట్‌వేర్ గోవాలో నీ పక్కన ఉండదు. దీని మీద ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆన్‌లైన్ ఆటను 2017లో తెలంగాణలో, 2020లో ఆంధ్రలో ఆపేశారు కదా, పండగలకు ఇంటికి వచ్చినప్పుడు ఏం చేశావని కూడా అడగను.

ఉత్తరం చివర్లో మూడు నాలుగు చిన్న వాక్యాల్లో దాటేసిన విషయం అడుగుతాను. నష్టాల్లో లేనంటున్నావు. మరి గాజులు ఇంకా తాకట్టులో ఎందుకున్నాయి? సైటువాడు ప్రతి పందెంలో కోసుకున్న కమీషను, 2023 అక్టోబరు నుంచి డిపాజిట్ మీద పడిన 28 శాతం జీఎస్టీ, గెలుపు మీద 30 శాతం టీడీఎస్, మీ అమ్మ కట్టిన వడ్డీ, అన్నీ ఒక కాగితం మీద వేసి చూశావా? ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తోందనుకున్నావు? ఇంటి ఖర్చుకు మీ నాన్న ఇచ్చే డబ్బులోంచే. అంటే ఆయనకు తెలియకుండా ఆయనా నీ ఆటకు పెట్టుబడి పెడుతున్నాడు.

పాతవాళ్ళ గురించి అంత తేలిగ్గా మాట్లాడావు కాబట్టి ఒకటి చెబుతాను. 1997లో స్టూ అంగర్ అనే పాతతరం పోకర్ ఆటగాడి దగ్గర మెయిన్ ఈవెంట్‌కు కట్టాల్సిన 10,000 డాలర్లు లేవు. బిల్లీ బాక్స్టర్ అనే తోటి ఆటగాడు కట్టాడు. అంగర్ గెలిచిన పది లక్షల డాలర్లలో సగం బాక్స్టర్‌కు వెళ్ళింది. ఆ మరుసటి ఏడాదే ఒక చవక మోటెల్‌లో దిక్కులేకుండా చనిపోయిన మనిషి అంగర్. ఆయన్ని ఆదర్శంగా చూపించడం లేదు. కానీ పెట్టుబడి ఎవరిదో, వాటా ఎంతో ఆ లోకంలో అందరికీ తెలుసు. మీ అమ్మ వాటా ఎంత? ఆవిడకు దక్కిందల్లా బోసి చేతులు, ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం. ఆ పెళ్ళికి ఏ గాజులు వేసుకుని వచ్చిందో గుర్తుందా? వాళ్ళ తమ్ముడు అక్క చేతుల వంక చూడలేదంటావా? మొహాలు చదవడం వచ్చని చెప్పుకునే మనిషి! పాతికేళ్ళు పేకముక్కలు పట్టిన ఆయన్ని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. ఆయన ఎగతాళిలో సగం అక్క గాజులు పోయాయన్న కోపమేనని నా అనుమానం.

కొడుకు అడిగితే తల్లి కాదనలేదు. అది తెలిసే అడిగావు. ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి దగ్గర ఆవిడ చేత దాపరికం చేయించావు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కానీ ఈ వయసులో మొగుడి ముందు దొంగలా నిలబడాల్సి వస్తే ఆవిడ పరువు ఎవరు తిరిగి ఇస్తారు? బాకీ కట్టకపోతే వేలం నోటీసు ఇంటి అడ్రసుకే వస్తుంది. దాన్ని విప్పేది మీ నాన్నే.

వచ్చే శని, ఆదివారాల్లో ఇంటికి వెళ్ళు. ఫోన్లో వద్దు. నాన్నకు నువ్వే చెప్పు, అమ్మ చేత చెప్పించకు. "అమ్మే ఇచ్చింది" అని మొదలుపెట్టకు, "నేనే అడిగాను" అను. ఆయన కేకలేస్తే పడు. సైటు నుంచి వెనక్కి తీసుకున్న డబ్బు ఎంత ఉంటే అంత బాకీకి కట్టు, మిగిలింది నెలనెలా జీతంలోంచి కట్టు. ఇప్పటిదాకా అమ్మ కట్టిన వడ్డీ కూడా లెక్కవేసి ఆవిడ చేతికివ్వు. ఇంకో ఏడాదికి తిరగరాయించమని మాత్రం అడగకు.

మావయ్య ఈసారి ఏమన్నా నవ్వి ఊరుకో. గోవా సంగతి గాజులు ఇంటికొచ్చాక రాయి.