ఆఫీసు సంగతి తర్వాత, ముందు ఇన్సులిన్ ఎందుకు ఆపారు?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. పదకొండో ఏట టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. అప్పటినుంచి రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. కొత్త ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. తనకు షుగర్ ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. మధ్యలో లేచి వెళ్తే మేనేజర్ విసుక్కుంటున్నాడని మధ్యాహ్నం డోసు తరచూ మానేస్తున్నాడు. ఒకరోజు అక్కడే చెమటలు పట్టి మాట తడబడితే, నిద్ర చాలలేదేమో అనుకుని పక్కవాళ్లు కాసేపు తల వాల్చి పడుకోమన్నారట. పోయిన నెల జ్వరం, వాంతులు వచ్చి ఏమీ తినలేదు కాబట్టి రెండు రోజులు ఇన్సులిన్ ఆపేశాం. రెండో రోజు సాయంత్రం ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్లు పెట్టి మూడు రోజులు ఉంచుకున్నారు. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.2 వచ్చింది. ఆఫీసులో వాడి తరఫున మేం మాట్లాడొచ్చా? డాక్టర్ లెటర్ ఇస్తే పనికొస్తుందా? ఇంట్లో ఏదైనా అడిగితే కసురుకుంటున్నాడు, మేం ఎలా అండగా ఉండాలి? ఇన్సులిన్ పెన్ రోజంతా బ్యాగులో ఉంటే పాడవుతుందా?
– ఒక అక్క

సమాధానం: మీ ప్రశ్నలకు వస్తాను. కానీ ఉత్తరం మధ్యలో మామూలు విషయంలా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తినలేదు కాబట్టి రెండు రోజులు ఇన్సులిన్ ఆపేశాం అన్నారు. ఆ తర్వాత ఆయాసం వచ్చింది. మీరు దాన్ని జ్వరం ఖాతాలో వేసేశారు. రిపోర్టులు నా ముందు లేవు, అందుకని ఖాయంగా చెప్పను. చదివినంతలో మాత్రం అది డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లాగే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ బయటకు తీసి చూడండి. అందులో డీకేఏ (దాని పొట్టిపేరు) అని ఉంటే, మీ తమ్ముడు ప్రాణం మీదికొచ్చి బయటపడ్డాడని అర్థం. ఇందుకు ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించుకోనక్కర్లేదు. కానీ ఇంకోసారి జరగకూడదు.

పదమూడేళ్లుగా ఇన్సులిన్ ఉన్న ఇంట్లో ఈ మాట చెప్పాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది. టైప్ 1లో శరీరం సొంతంగా ఇన్సులిన్ దాదాపు తయారుచేసుకోలేదు. ఆ ఇన్సులిన్ తిన్నదాన్ని అరాయించుకోవడానికి మాత్రమే కాదు. ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. జ్వరం వస్తే ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఇంకా ఎక్కువ వదులుతుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ గ్లూకోజ్‌ను కణాలు వాడుకోలేవు. అప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పుడతాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి శరీరం లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. మీరు చూసిన ఆయాసం బహుశా అదే. కీటోన్ల వల్ల కూడా వాంతులు, కడుపునొప్పి వస్తాయి. వాంతులని ఇన్సులిన్ ఆపితే, ఆపినందుకు వాంతులు ఇంకా పెరుగుతాయి. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

జబ్బు చేసిన రోజుల్లో ఏం చేయాలో మీ డాక్టర్ చేత ఒక కాగితం మీద రాయించుకోండి. డోసులు నేను ఇక్కడినుంచి చెప్పలేను, చెప్పకూడదు కూడా. మోటుగా చూస్తే సంగతి ఇది: రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను సొంతంగా ఆపకూడదు. జ్వరంలో ఒక్కోసారి అది మామూలుకన్నా ఎక్కువే కావాల్సి వస్తుంది. తిండి ముందు వేసుకునేదాన్ని ఎంత తగ్గించాలో, తగ్గించాలో లేదో డాక్టర్ చెప్పాలి. రెండు నుంచి నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి, రాత్రయినా సరే. కొంచెం కొంచెంగా ద్రవాలు తాగుతూ ఉండాలి. షుగర్ తగ్గుతుంటే తీపి ఉన్నవి, ఎక్కువగా ఉంటే మంచినీళ్లు. కీటోన్లు చూసే స్ట్రిప్పులు ఇంట్లో ఉండాలి. రక్తంలో చూసే మీటరయితే లీటరుకు 0.6 మిల్లీమోల్స్ లోపు ఫర్వాలేదు. 1.5 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. 3 చేరితే ఫోన్లతో కాలయాపన వద్దు, ఎమర్జెన్సీకి వెళ్లాలి. నీళ్లు కూడా నిలవనంతగా వాంతులు అవుతున్నా, ఆయాసం, మగత, కడుపునొప్పి ఉన్నా మీటర్‌లో అంకెతో పని లేదు, బయల్దేరాల్సిందే.

(ఈ శీర్షిక చదివే టైప్ 2 వాళ్లకు ఒక మాట. ‘ఆపకూడదు’ అనే ఈ నియమాన్ని మీ మాత్రలకు వర్తింపజేయకండి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి వాటిని వాంతులు, డీహైడ్రేషన్ ఉన్నప్పుడు తాత్కాలికంగా ఆపమనే ఎక్కువగా చెబుతాం. చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు వాడేవాళ్లలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ రావచ్చు. మీ విషయంలో ఏది ఆపాలో మీ డాక్టర్‌నే అడగండి.)

సొంత నిర్ణయంతో మందు ఆపడం గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. ఇన్సులిన్ అలవాటైపోతుందని, కొన్నాళ్లు ఆపితే శరీరం దానంతట అదే పుంజుకుంటుందని, ఫలానా పొడి తింటే సూది అక్కర్లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లు చెబుతూనే ఉంటారు. టైప్ 1లో వీటిలో ఏ ఒక్కటీ నిజం కాదు. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు డాక్టర్లు చేయగలిగింది తిండి బాగా తగ్గించి కొన్ని నెలలో, ఏడాదో రెండేళ్లో బతికించడమే. ఇన్సులిన్ లేని రోజులు ఎలా ఉంటాయో వైద్యానికి బాగా తెలుసు. మళ్లీ ప్రయోగం చేసి చూడనక్కర్లేదు.

ఇక మధ్యాహ్నం డోసు. మేనేజర్ విసుక్కుంటాడని మానేస్తున్నాడని మీరు రాశారు. అది సగం కారణమే అయి ఉండొచ్చు. నాకున్న అనుమానం వేరే. ఆరోజు చెమటలు పట్టి మాట తడబడింది చూశారా, అది షుగర్ పడిపోవడమే అయి ఉంటుంది. డోసు వేసుకున్నాక తిండి ఆలస్యమైందేమో. నలుగురి ముందు అలా అయినవాడికి మళ్లీ అవుతుందేమోనన్న భయం గట్టిగా పట్టుకుంటుంది. షుగర్ ఎక్కువుంటే ఎవరికీ కనిపించదు, తక్కువైతే అందరికీ కనిపిస్తుంది. అందుకని ఎక్కువగానే ఉంచుకుంటారు. 9.2 అంటే సగటున 217 దగ్గర ఉంటోందన్నమాట. అతన్ని ఈ భయం గురించే అడగండి. ఎందుకు మానేశావని నిలదీయకుండా, ఆరోజు భయమేసిందా అని అడగండి.

ఆ భయం ఉత్తిది కాదు కూడా. 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనంలో 1,441 మంది టైప్ 1 వాళ్లు పాల్గొన్నారు. హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంచుకున్నవాళ్లలో, 9 దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే, కొత్తగా కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో షుగర్ గట్టిగా అదుపు చేసుకున్నవాళ్లలో తీవ్రంగా పడిపోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇప్పటి ఇన్సులిన్లు, సెన్సర్లు అప్పటికన్నా చాలా మెరుగు. అయినా డోసులు సరిచేయకుండా ‘కంట్రోల్‌లో పెట్టుకో’ అని మాత్రమే చెబితే అతను వినడు. వినకపోవడానికి అతనికి కారణం ఉంది. ఒంటికి అంటుకుని షుగర్ చూస్తూ ఉండే సెన్సర్ గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి. షుగర్ బాగా పడిపోకముందే అది అలారం మోగిస్తుంది.

ఆఫీసు. మాట్లాడాల్సింది మీరు కాదు, అతను. వయసు 24. అతనికి తెలియకుండా అక్క ఫోన్ చేసి ‘మా వాడికి షుగరండీ’ అంటే, మీరు సాయం చేశాననుకుంటారు, అతను పరువు పోయిందనుకుంటాడు. ఈ ఉత్తరం రాసినట్టయినా అతనికి తెలుసా? ఆరోగ్య వివరాలు ఎవరికి ఎంత చెప్పాలనేది అతని ఇష్టం. కానీ ఎవరికీ చెప్పకుండా ఇన్సులిన్ మీద పనిచేయడం ప్రమాదమని డాక్టర్‌గా నేను చెప్పగలను. పడుకోమన్నారని రాశారే, ఆ పక్కవాళ్ల తప్పేం లేదు, వాళ్లకు తెలియదు. షుగర్ పడిపోతున్న మనిషిని పడుకోబెట్టి వెళ్లిపోతే అతను స్పృహ తప్పవచ్చు.

కాబట్టి కనీసం ఇద్దరికి తెలియాలి. వాళ్లకు జబ్బు చరిత్ర అక్కర్లేదు. చెమట, వణుకు, తికమక, అకారణంగా కోపం, మాట తడబాటు కనిపిస్తే షుగర్ చూసుకోమనాలి. 70 కన్నా తక్కువుంటే, లేదా చూసే వీలు లేకపోతే, వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి. గ్లూకోజ్ పొడో, మూడు నాలుగు టీస్పూన్ల పంచదార కలిపిన నీళ్లో, అరగ్లాసు పండ్లరసమో, ఏదైనా ఫర్వాలేదు. డైట్ డ్రింకులు పనిచేయవు, చాక్లెట్ ఆలస్యంగా పనిచేస్తుంది. పావుగంట తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. మింగలేని స్థితిలో ఉన్నా, స్పృహ లేకపోయినా నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. గ్లూకగాన్ అని ఇంజక్షన్‌గానూ, ముక్కులో కొట్టే పొడిగానూ షుగర్‌ను పెంచే ఒక మందు ఉంది. మీ డాక్టర్ రాస్తే అది ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉంచి, వాడటం ముందే నేర్చుకోండి. అతను బండి నడుపుతాడో లేదో మీరు రాయలేదు. నడిపితే బయల్దేరే ముందు షుగర్ చూసుకోవాలి, 90 కన్నా తక్కువుంటే ఏదైనా తిని, పెరిగాకే తాళం తిప్పాలి.

లెటర్ పనికొస్తుంది. అందులో ఏం ఉండాలో చెప్పి రాయించుకోండి, ఉత్త మెడికల్ సర్టిఫికెట్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. పనివేళల్లో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి కొన్ని నిమిషాల విరామం, వేళకు తిండి, బల్ల దగ్గర గ్లూకోజ్ ఉంచుకునే వీలు, సూది వేసుకోవడానికి శుభ్రమైన చోటు (టాయిలెట్ కాదు), చెకప్‌లకు సెలవు. ఇవి చాలు. హెచ్‌బీఏ1సీ, డోసులు అందులో రాయనక్కర్లేదు. ఇవన్నీ దయతలిచి ఇచ్చేవి అనుకోకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, ఇలాంటి సముచిత సర్దుబాట్లు నిరాకరించడాన్ని వివక్షగానే చూస్తుంది. డయాబెటిస్ ఆ నిర్వచనంలోకి వస్తుందా అనేది ఒక్కో దేశపు చట్టంలో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి అడిగినా ఇవ్వకపోతే లాయర్ సలహా తీసుకోవాలి, నా సలహా అక్కడ చాలదు. అతను కోరితే మీటింగుకు తోడు వెళ్లండి. మాటలు అతన్నే మాట్లాడనివ్వండి.

ఇంట్లో కసురుకోవడం గురించి. ‘ఎంతుంది?’ అని అడిగిన ప్రతిసారీ అతనికి పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయని అడిగినట్టు ఉంటుంది. రోజూ ఎన్నో లెక్కలు వేసుకుంటాడు, సెలవు అంటూ ఉండదు, అంకె బాగాలేకపోతే తిట్లు. ఈ అలసటను మేం డయాబెటిస్ డిస్ట్రెస్ అంటాం. ఇది సాధారణం, దీనికి కౌన్సెలింగ్ ఉంది. డిప్రెషన్ వేరు, అదీ డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఎక్కువే. ఏదీ బాగుండటం లేదన్నట్టు మాట్లాడుతున్నా, నిద్ర, ఆసక్తి పోయినా ఆలస్యం చేయకండి. ఇన్సులిన్ దగ్గరున్న ఇంట్లో ‘బతకాలని లేదు’ అనే మాట వినిపిస్తే అదే రోజు డాక్టర్‌ను కలవాలి. ఈ ఆరు నెలల్లో బరువు తగ్గాడా? అదీ మీరు రాయలేదు. బరువు కోసం కావాలనే డోసులు మానేసేవాళ్లూ ఉంటారు, మెల్లగా కనుక్కోవాలి. మీరు చేయగలిగింది ఏమిటని అతన్నే అడగండి. స్ట్రిప్పులు అయిపోకముందే తెచ్చిపెట్టమనవచ్చు, అపాయింట్‌మెంట్ తీసుకోమనవచ్చు, ఏమీ అడగొద్దనీ అనవచ్చు. ఏమీ అడగొద్దంటే కొన్నాళ్లు అలాగే ఉండండి, జబ్బు చేసిన రోజులు తప్ప.

పదమూడేళ్లయింది కాబట్టి ఏటా కంటి రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష, పాదాల పరీక్ష జరగాలి. చివరిసారి ఎప్పుడు చేయించారో చూసుకుని, ఏడాది దాటితే ఈ నెలలోనే చేయించండి.

పెన్ సంగతి: తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్న పెన్ మామూలు గది వేడిలో దాదాపు 28 రోజులు నిలుస్తుంది, కచ్చితమైన గడువు మందు పెట్టెలోని కాగితంలో చూడండి. బ్యాగులో ఉంటే ఇబ్బంది లేదు. ఎండలో ఆపిన కారులో వదిలేసినది మాత్రం వాడొద్దు.