పరిణామాన్ని ఎవరు చూశారంటే, మా పత్తి చేలో మా నాయిన చూశాడు

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "పరిణామ సిద్ధాంతం, ఇంటెలిజెంట్ డిజైన్, ఈ రెండింటిలో ఏది నిజం? ఒక జీవి ఇంకోలా మారడం ఎవరైనా కళ్లతో చూశారా? బడిలో రెండూ చెబితే తప్పేంటి?"

ఇంటెలిజెంట్ డిజైన్ అంటే జీవులు వాటంతటవి ఇలా మారలేదు, తెలివైన రూపకర్త ఎవరో వాటిని రూపొందించారనే వాదన. పద్దెనిమిదేళ్లుగా ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ ప్రశ్న పిల్లలు అడిగింది తక్కువ, స్టాఫ్ రూమ్‌లో తోటి టీచర్లు అడిగిందే ఎక్కువ. "ఎవరు చూశారు మేడం?" అంటారు. 2018లో కేంద్ర మంత్రిగా ఉన్న సత్యపాల్ సింగ్ కూడా ఇదే మాట అన్నారు. కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదు, రాయలేదు, కాబట్టి డార్విన్ తప్పు అని. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే అంతకు రెండు నెలల ముందే నేను చూసి వచ్చాను.

మాది పరకాల దగ్గర పల్లె. నాయినకు నాలుగెకరాల పత్తి. 2017 నవంబర్‌లో ఒక ఆదివారం ఊరికి వెళ్తే ఆయన ఇంట్లో లేడు, చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొదటి ఏరుడు బాగానే వచ్చింది. రెండో ఏరుడుకు కూలీలను పిలిస్తే, "ఈ చేన్ల ఏరడానికేముంది పటేలా" అని మధ్యాహ్నానికే వెళ్లిపోయారట. నాకు అర్థం కాలేదు. చెట్లు నడుము దాటి ఏపుగా ఉన్నాయి, నిండా కాయలు. పైకి ఒక్క మచ్చ లేదు.

నాయిన ఒక కాయ తెంపి రెండు బొటనవేళ్లతో పగలగొట్టి నా చేతిలో పెట్టాడు. లోపల నాలుగు అరలు. రెండింటిలో దూది తెల్లగా ఉంది. మిగతా రెండింటిలో తడిసి, పసుపెక్కి, ముద్దకట్టింది. ఆ ముద్దలోని గింజను గోటితో చీల్చాను. లోపల చుట్టుకుని పడుకున్న పురుగు, తల గోధుమ రంగు, ఒంటి మీద గులాబీ చారలు. అదే గులాబీ పురుగు. గింజలోని పప్పంతా తినేసి, ఆ డొల్లలోనే హాయిగా ఉంది. ఇంకో ఇరవై కాయలు తెంపి గట్టు మీద ఒక్కొక్కటే పగలగొట్టాం. పదమూడింటిలో పురుగుంది. పువ్వులు కూడా చూపించాడు, రెక్కలు విచ్చుకోకుండా దారంతో కుట్టినట్టు ముడుచుకున్నవి. గుడ్డి పూలంటారు. లోపల పిల్ల పురుగు ఉందంటే పువ్వు అట్లా అవుతుంది.

"బీటీ గింజకు పురుగు రాదనే గదా బిడ్డా, ప్యాకెట్‌కు ఎనిమిది వందలు పెట్టుడు," అన్నాడు నాయిన. కాసేపు ఆగి, "ఇదివరకు ఇదే పురుగు ఇదే చెట్టును తింటే సచ్చేది. ఇప్పుడు తిని బతుకుతాంది. గింజ మారలే. పురుగే మారింది," అన్నాడు.

మా నాయిన అయిదో తరగతి దాకే చదివాడు. పరిణామం గురించి నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ మూడు ముక్కలు సూటిగా ఉన్నాయి.

ఆ పురుగు ఎలా మారిందో చెబుతాను. మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి ఒక జన్యువు తీసి పత్తిలో పెట్టారు. అదే బీటీ. మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ జన్యువు తయారుచేసే విషం పురుగు పేగు గోడలో ఉండే క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, పేగుకు చిల్లులు పొడుస్తుంది. లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ క్యాడ్హెరిన్ జన్యువు తేడాగా ఉంటుంది. విషానికి పట్టు దొరకదు. ఊరంతా బీటీయే వేస్తే మిగతావన్నీ చచ్చి, ఆ తేడా ఉన్నవే మిగిలి, వాటిలో అవే జతకట్టి పిల్లలు పెడతాయి. గుజరాత్‌లో 2009 పంటలోనే గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని తేలింది. అప్పటికే, అంటే 2006లోనే, రెండు విషాలున్న రెండో రకం మార్కెట్లోకి వచ్చింది. కొన్నేళ్లకు పురుగు దాన్నీ జీర్ణించుకుంది. తట్టుకున్న మన పురుగులను ల్యాబ్‌లో పరీక్షిస్తే క్యాడ్హెరిన్ జన్యువు ఒకే విధంగా కాదు, ఎన్నో విధాలుగా చెడిపోయి కనిపించింది. తెలివైన రూపకర్త ఎవరో కూర్చుని పురుగును దిద్దితే ఇన్ని అతుకుల బొంతలెందుకు? ఎక్కడెక్కడి పురుగుల్లోనో అనుకోకుండా వచ్చిన లోపాల్లో పనికొచ్చినవన్నీ నిలబడ్డాయి, అంతే.

ఇక్కడే ఒక విషయం చెప్పకుండా ఉండలేను. బీటీ ప్యాకెట్‌లో 450 గ్రాముల గింజలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు. చేను చుట్టూ సాళ్లు వేయమని. అక్కడ పెరిగిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకడితే పుట్టే పిల్లలు బీటీకి చచ్చిపోతాయి, ఎందుకంటే ఈ తట్టుకునే గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే తప్ప పనిచేయదు. పదో తరగతిలో మెండెల్ బఠానీలతో చెప్పే లెక్కే ఇది. మా మందుల షాపాయన మాత్రం "అది పనికిరాని గింజ, పారెయ్" అన్నాడట. మా అటక మీద మూడేళ్ల ప్యాకెట్లు విప్పకుండా పడి ఉన్నాయి. కొందరు వాటి బదులు చుట్టూ కంది వేశారు. గులాబీ పురుగు కంది ముట్టదు, దానికి పత్తే కావాలి. నేను బయాలజీ టీచర్‌ని. ఆ ప్యాకెట్ ఎందుకిస్తారో నాకు తెలుసు. నాయినకు ఒక్కసారి కూడా చెప్పలేదు. పాఠం బడిలో, వ్యవసాయం చేలో అన్నట్టు బతికాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అమెరికాలో అరిజోనా రైతులు 1996 నుంచి బీటీ వేశారు. వాళ్లు నాన్ బీటీ సాళ్లు వేశారు, ఆ తర్వాత జతకట్టినా పిల్లలు పుట్టని రెక్కల పురుగులను కూడా చేలల్లో వదిలారు. పురుగు బీటీకి లొంగుతూనే ఉంది. చివరికి 2018లో ఆ దేశం గులాబీ పురుగు లేదని ప్రకటించుకుంది. ఇంటెలిజెంట్ డిజైన్ పుట్టింది కూడా ఆ దేశంలోనే. అక్కడి రైతును కాపాడింది మాత్రం డార్విన్ లెక్క.

"పురుగు పురుగుగానే ఉంది కదా, ఏనుగు కాలేదు కదా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పదిహేనేళ్లలో ఇంత మారిన జీవి కోట్ల ఏళ్లలో ఎంత మారుతుందో రాళ్లలో ఉంది. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర తెచ్చిన రాళ్లు ఆయన పోయాక కూడా ఇంట్లో పెట్టెల్లో ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని అమెరికాలో పనిచేసే ఒక పరిశోధకుడికి ఇచ్చారు. ల్యాబ్‌లో ఒక పుర్రె పొరపాటున విరిగితే చెవి ఎముక బయటపడింది. తిమింగలాల చెవిలో మాత్రమే కనిపించే మందం అందులో ఉంది. జంతువు చూస్తే పిల్లి అంత, నాలుగు కాళ్లు, గిట్టలు! ఇండోహయస్ అంటారు. నేల మీద తిరిగిన ఈ జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రపంచానికి తెలిసింది. ఈ కథ చెబితే మా క్లాసులో చివరి బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

బడిలో రెండూ చెప్పాలా అన్నదానికి వస్తే, ఆ పంచాయితీ అమెరికా కోర్టులో తేలిపోయింది. అక్కడి పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే ఊళ్లో స్కూల్ బోర్డు ఇలాంటి పనే చేసింది. పదకొండు మంది తల్లిదండ్రులు కేసు వేశారు. 2005లో ఆరు వారాలు విచారణ నడిచింది. డిజైన్ పక్షాన వచ్చిన పెద్ద శాస్త్రవేత్త మైకేల్ బీహీ. బాక్టీరియా తోక లాంటివి ముక్కలు ముక్కలుగా ఏర్పడలేవు, ఒక్క భాగం తీసినా పనిచేయవు అన్నది ఆయన వాదన. మన రోగ నిరోధక వ్యవస్థ ఎలా వచ్చిందో సైన్స్ దగ్గర జవాబు లేదని కూడా రాశారు. తల్లిదండ్రుల లాయరు దాని మీద అచ్చయిన 58 పరిశోధన పత్రాలు, తొమ్మిది పుస్తకాలు ఆయన ముందు పెట్టాడు. ఇవీ చాలవన్నారు బీహీ. సైన్స్‌కు మీరిచ్చే నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందా అంటే, అవుతుందని ఒప్పుకున్నారు. జాతకం కుదరలేదని మా చెల్లెలికి మంచి సంబంధం తప్పిపోయిన ఇంట్లో పుట్టినదాన్ని, ఆ జవాబు చదివి నా ఒళ్లు మండింది. ఇంకో సంగతి, జీవులన్నిటికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని బీహీ కూడా ఒప్పుకుంటారు. మన దగ్గర ఆయన పేరు చెప్పి వీడియోలు చేసేవాళ్లు ఆ మాట దాచేస్తారు.

ఆ బోర్డు పిల్లలకు చూపించిన పుస్తకం పాత ప్రతులు తీస్తే, సృష్టివాదులు అనే మాట ఉన్నచోటల్లా సృష్టివాదాన్ని ప్రభుత్వ బడుల్లో చెప్పించకూడదన్న 1987 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డిజైన్ సమర్థకులు అని మార్చారని బయటపడింది. ఒకచోట తొందరలో రెండు మాటలూ అతుక్కుపోయాయి కూడా. ఈ కేసు విన్న జడ్జి జోన్స్‌ను నియమించింది సంప్రదాయవాద పార్టీకి చెందిన అధ్యక్షుడు బుష్. ఆయనే డిసెంబర్ 20న 139 పేజీల తీర్పులో ఇది సైన్స్ కాదని రాశారు. పరిణామం వైపు సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ నిష్ఠగా చర్చికి వెళ్లే కాథలిక్.

నేనూ దేవుణ్ని నమ్ముతాను. సమ్మక్క జాతరకు ఎత్తు బంగారం మొక్కుకుని బెల్లం ఇచ్చాను. అమ్మవారికి నా మొక్కు వేరు, పురుగు పేగులో జరిగేది వేరు. ఈ రెంటినీ కలిపి పిల్లల నెత్తిన రుద్దొద్దనేదే నా పట్టుదల.

మన దగ్గర అసలు ప్రమాదం డిజైన్ పాఠం పెట్టడం కాదు, ఉన్న పాఠం తీసేయడం. ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలో "అనువంశికత, పరిణామం" పాఠం కాస్తా "అనువంశికత" అయి కూర్చుంది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు ఉత్తరం రాసినా అది తిరిగి రాలేదు. పాఠం పుస్తకంలో ఉన్నచోట కూడా "నాలుగు బిట్లు చదువుకోండి, మిగతాది చాయిస్‌లో వదిలేయండి" అంటారు. డార్విన్ ఓడ పేరు బిట్. ఫించ్ పక్షుల దీవుల పేరు బిట్. బిట్లతో నాన్ బీటీ ప్యాకెట్ అటక దిగదు.

నాయిన చేలో పురుగును చూసిన మరుసటి ఏడు నుంచి పాఠం మొదలయ్యే రోజు పిల్లలను పత్తి కాయలు తెమ్మంటున్నాను. అందరి ఇళ్లల్లో పత్తే. బల్ల మీద పాత పేపర్ పరిచి పగలగొడతాం, పురుగులు లెక్కపెడతాం, బోర్డు మీద రాస్తాం. మొన్న ఒక పిల్ల అడిగింది: "టీచర్, మరి శనగపచ్చ పురుగు గూడ పత్తిని తింటది గదా, అది బీటీకి ఇంకా సస్తాంది. అదెందుకు మారలే?"

నేను చెప్పబోయి ఆగాను. ఎవరైనా చెప్పండన్నాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మూడో బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు, వాళ్ల నాన్న పాలుకు చేసే రైతు, కూర్చునే అన్నాడు: "దానికి కంది చేనుంది గదా టీచర్. శనగ ఉంది, టమాట ఉంది. అక్కడ పెరిగినవి వచ్చి కలుస్తయి. గులాబీదానికి పత్తి తప్ప ఇంకేం లేకపాయె."