అన్య, అనన్య, హనన్యా, యోహాను

సందేహం: పిల్లల పేర్ల జాబితాల్లో ‘అన్య’కు ఒకచోట ‘దయ’ అనీ, ఇంకోచోట ‘సాటిలేనిది’ అనీ అర్థం ఇచ్చారు. నిఘంటువు తీస్తే ‘ఇతరమైనది’ అని ఉంది. ఏది సరి? అలాగే యోహాను, జాన్, ఇవాన్ మూడూ ఒకే పేరంటారు. నిజమేనా? నిజమైతే తెలుగులో ఏ రూపం రాయాలి?

సమాధానం: విడివిడిగా అడిగారు గాని, మీ రెండు సందేహాలూ ఒకేచోట కలుస్తాయి. ఆ చోటు హిబ్రూలోని హ-న-న అనే మూడు హల్లుల ధాతువు. దయ చూపడం, అనుగ్రహించడం దాని అర్థం.

ముందు అన్య సంగతి. మీకు కనిపించిన మూడు అర్థాలు మూడు వేర్వేరు మాటలవి. సంస్కృతంలో అన్య అంటే వేరైన, ఇతరమైన అనే. అన్యదేశ్యం, అన్యమనస్కం, అన్యోన్యం అన్నవాటిలో ఉన్నది ఇదే. (అన్యాయంలో ఉన్నది ఇది కాదు, అది అ-న్యాయం.) స్త్రీలింగంలో అన్యా అంటే మరొక స్త్రీ. ఆలంకారికులు నాయికలను స్వీయ, అన్య, సాధారణస్త్రీ అని విభజించినప్పుడు అన్య అంటే పరకీయ, అంటే పరాయివారికి చెందిన స్త్రీ. సంస్కృతపదమనుకుని ఈ పేరు పెట్టేవారు ఈ అర్థాన్ని తప్పించుకోలేరు. ‘సాటిలేనిది’ అన్నది అనన్యకు చెందిన అర్థం. తనకంటే వేరు మరొకటి లేనిది అనన్య. ముందున్న నిషేధం ఊడిపోతే అర్థం తిరగబడుతుంది కాబట్టి అనన్య అర్థాన్ని అన్యకు అంటగట్టడం పొరపాటు.

ఇక ‘దయ’ రష్యన్ దారిలో వచ్చింది. రష్యన్‌లో ఆన్యా అనేది అన్నా అన్న పేరుకు ముద్దుపేరు. ఆ అన్నా హిబ్రూలో హన్నా. హిబ్రూ వాళ్లు గొంతు లోపలినుంచి పలికే ఆ హకారం గ్రీకులో లేదు. అందుకే గ్రీకులోకి వచ్చేసరికి అది జారిపోయింది. తెలుగు బైబిలు ఈ రెండు దశలనూ చక్కగా నిలిపింది. పాత నిబంధన హిబ్రూ కనుక సమూయేలు తల్లి హన్నా. కొత్త నిబంధన గ్రీకు కనుక లూకా సువార్తలోని ప్రవక్త్రి అన్న. మనం తోబుట్టువును పిలిచే అన్నకూ దీనికీ ఏ బంధుత్వమూ లేదు.

యోహానులోనూ ఈ ధాతువే ఉంది. హిబ్రూ రూపం యోహానాన్. యో అన్నది యెహోవా పేరుకు కురచ రూపం. ‘యెహోవా దయ చూపాడు’ అని అర్థం. అవే రెండు ముక్కలను వెనకా ముందూ చేస్తే హనన్యా. దానియేలు సహచరుల్లో ఒకరి పేరది. కార్తేజి సేనాని హన్నిబాల్ పేరు హిబ్రూకు సోదరభాష అయిన ఫినీషియన్‌లోది. దానర్థం ‘బాల్ దేవుని దయ’. అంటే ఆన్యా, ఇవాన్, హన్నిబాల్ ఒక ఇంటివాళ్లు. చెవికి కవలల్లా వినిపించే అనన్య, హనన్యా మాత్రం ఏమీ కారు. ధ్వనిని నమ్ముకుంటే ఎంత దూరం పోతామో చూడండి: సంస్కృతంలో హననం అంటే చంపడం, శత్రుఘ్నుడిలో ఉన్నది ఆ ధాతువే. హిబ్రూలో అవే హల్లులు దయ.

కాబట్టి పేరుకు అర్థం వెతికేటప్పుడు మొదటి ప్రశ్న ‘ఇదేమిటి’ అని కాక, ‘ఇది ఏ భాషది’ అని ఉండాలి. ఆ తర్వాత అది ముద్దుపేరైతే పూర్తి రూపం పట్టుకోవాలి. దొరికినంతలో పాత రూపానికి వెళ్లి, అప్పుడు ముక్కలు విడదీసి, ఆ భాష నిఘంటువులో చూడాలి. ఈ వరసలో ఒక్క మెట్టు దాటేసినా తప్పు అర్థమే చేతికొస్తుంది.

సంస్కృతం పేర్ల విషయంలో ఎక్కువ గందరగోళం రోమన్ లిపి వల్ల. అందులో హ్రస్వదీర్ఘాలు తెలియవు, లళలకు తేడా ఉండదు. సిత అంటే తెల్లనిది, సీత అంటే నాగటి చాలు. కల, కాల, కళ మూడూ అక్కడ ఒకే పేరైపోతాయి.

అనువాదంలో జరిగే తప్పులు ఇంకో రకం. మిఖాయేలు, అంటే మైకేల్, అన్న పేరుకు చాలా జాబితాలు ‘దేవునితో సమానుడు’ అని రాస్తాయి. హిబ్రూలో అది ప్రశ్న: ‘దేవునివంటి వాడెవడు?’ ఎవడూ లేడని భావం. ప్రశ్నార్థకం వదిలేయడంతో స్తుతి కాస్తా దానికి పూర్తి విరుద్ధమైన మాట అయింది. వనెసాకు ‘సీతాకోకచిలుక’ అని ఇస్తారు. ఆ పేరు ఇంగ్లీషు రచయిత జొనాథన్ స్విఫ్ట్ కల్పించినది. ఎస్తేర్ వానమ్రి అనే ఆమె ఇంటిపేరులోని మొదటి భాగాన్నీ ఎస్తేర్‌కు ముద్దురూపాన్నీ కలిపి చేశాడు. ఆ పేరున్న కవిత 1726లో అచ్చయింది. ఒక జాతి సీతాకోకచిలుకలకు కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ ఆ పేరు పెట్టింది 1807లో. పేరు ముందు, పురుగు తర్వాత.

కొన్ని పేర్లకు రాత చూడకుండా అర్థం చెప్పనే కూడదు. నయోమి హిబ్రూలో ‘మాధుర్యం’. జపాన్‌లోనూ నవోమి అనే ఆడపేరుంది, దానికి హిబ్రూతో పని లేదు. ఒకే ఉచ్చారణను వేర్వేరు చిత్రాక్షరాలతో రాస్తారు. ఒక రాతలో ‘నిజాయితీ, అందం’, మరో రాతలో ‘గౌరవం, అందం’. అక్షరాలు చూశాకే అర్థం.

ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో రెండు మాటలు కలిపి చేసిన పాత పేర్లలో అయితే ముక్కలకు అర్థముంటుంది, మొత్తానికి ఉండాలని లేదు. 11వ శతాబ్దపు వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టాన్ పేరులో వుల్ఫ్ అంటే తోడేలు, స్టాన్ అంటే రాయి. ‘తోడేలు రాయి’ అని తాత్పర్యం లాగనక్కర్లేదు. తల్లి వుల్ఫ్‌గిఫు పేరులోంచి ఒక ముక్క, తండ్రి ఏథెల్‌స్టాన్ పేరులోంచి ఒక ముక్క తెచ్చి కలిపారు, అంతే.

దీనికి పూర్తిగా ఎదురు చివరన ఉన్నది దేవదత్తుడు. గ్రీకులో థియోడర్, హిబ్రూలో నతనయేలు, స్లావిక్ భాషల్లో బొగ్దాన్, అన్నిటికీ ‘దేవుడిచ్చినవాడు’, ‘దేవుడిచ్చిన కానుక’ అన్న భావమే. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. థియోడర్‌లోని థియోస్ (దేవుడు), దేవదత్తుడిలోని దేవ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కావు. మనకు పోలిక కనిపించని డోరాన్ (కానుక), దత్త అన్న రెండో ముక్కలే ‘ఇచ్చు’ అనే ఒకే మూలధాతువు నుంచి పుట్టాయి. దేవకు నిజమైన చుట్టం లాటిన్‌లోని దేవుస్.

ఇప్పుడు రాత సంగతి. యోహాను, జాన్, ఇవాన్ మూలంలో ఒకటే. గ్రీకులో యోవాన్నేస్, లాటిన్‌లో యోహాన్నేస్. ఆ ఆరంభ యకారం భాషకొక రకంగా మారింది: జర్మన్‌లో యోహాన్, ఇంగ్లీషులో జాన్, ఇటాలియన్‌లో జొవాన్ని, స్పానిష్‌లో హువాన్, ఐరిష్‌లో షాన్. స్లావిక్‌లో రెండు అచ్చుల నడుమ వకారం చేరి ఇవాన్ అయింది. హాన్స్ అన్నది యోహాన్నేస్ ముందుభాగం తెగి మిగిలింది. బైబిలులోని బాప్తిస్మమిచ్చు యోహాను ఖురాన్‌లో యహ్యా ప్రవక్త. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, కనుక బైబిలు అనువాదంలో చివర ఉకారం చేరి యోహాను అయింది, పౌలు, పేతురు, దావీదు లాగే.

మూలం ఒకటైనంత మాత్రాన ఒకదాని బదులు ఇంకోటి రాయకూడదు. బైబిలు వ్యక్తులకు స్థిరపడిన తెలుగు రూపం ఉంది, దాన్ని మార్చవద్దు. మిగతావారికి, వారి భాషలో పేరు ఎలా పలుకుతారో అలా రాయాలి. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ను ‘జోహన్స్’ అని రాస్తుంటారు. జర్మన్‌లో ఆ మొదటి అక్షరానికి యకార ధ్వని, కనుక యోహానెస్ కెప్లర్ అనాలి. స్పానిష్ హువాన్‌ను జువాన్ అనడమూ ఇలాంటి తప్పే.

పేరుకు అర్థం ఉండే తీరాలా అన్నది వేరే చర్చ. మన వైయాకరణులు జాతి, గుణ, క్రియా శబ్దాలతో పాటు యదృచ్ఛాశబ్దాలనూ, అంటే ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్న పేర్లనూ, గుర్తించి, వాటికి ‘డిత్థుడు’ అనే అర్థంలేని పేరునే ఉదాహరణగా ఇచ్చారు. పేరు మనిషిని చూపిస్తే దాని పని అయినట్టే. అయితే అర్థం చూసి పేరు ఎంచుకుంటున్నప్పుడు ఆ అర్థం ఆ పేరుదే అయి ఉండాలి. ‘దయ’ కావాలంటే తెలుగులో దీర్ఘంతో ఆన్యా అని రాయండి, రష్యన్ ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది, అన్య అర్థం అడ్డురాదు. ‘సాటిలేనిది’ కావాలంటే అనన్య అనే పెట్టండి.